వైజాగ్‌లో 2500 లోపు పెద్ద క్యాంపు కత్తి: ఏది కొనాలి, ఏం చూసి కొనాలి?

1. కొండదారి

అందరికీ నమస్కారం. అనంతగిరి, లంబసింగి వైపు టెంటు వేసుకుని ఒకటి రెండు రాత్రులు ఉండటానికి పెద్ద కత్తి కావాలి. మడత కత్తి వద్దు, ఫిక్స్‌డ్ బ్లేడే. పనులు ఇవీ: వెంట తీసుకెళ్ళే కట్టెలు చీల్చాలి, ఎండు వెదురు నరకాలి, టెంటు చోట లాంటానా కంప తీసెయ్యాలి, కొబ్బరి బొండం కొట్టాలి, అవసరమైతే ఉల్లిపాయలు కూడా కోయాలి. బడ్జెట్ 2500.

ఆన్‌లైన్‌లో 12 అంగుళాలది ఒకటి 899కే కనపడింది. వెన్ను మీద రంపం పళ్ళు, పిడి లోపల అగ్గిపుల్లలు, గాలం, పిడి మూతలో దిక్సూచి. ఉక్కు '440 స్టెయిన్‌లెస్' అని రాశారు. అది చాలదా?

2. సానరాయి

చాలదు. చెయ్యి తెగుతుంది కూడా.

పిడి లోపల అగ్గిపుల్లలు పట్టాయంటే అక్కడ ఉక్కు లేదని అర్థం. బ్లేడు గార్డు (పిడి ముందుండే అడ్డుపట్టీ) దగ్గరే ఆగిపోయి, ఒక బోల్టుతోనో పిన్నుతోనో గొట్టానికి బిగించి ఉంటుంది. నరికినప్పుడు దెబ్బంతా ఆ ఒక్క చోట పడుతుంది. పది ఇరవై దెబ్బలకు వదులై, ఆ తర్వాత ఎప్పుడో బ్లేడు ఊడి ఎగురుతుంది. ఎటు ఎగురుతుందో మన చేతిలో ఉండదు.

వెన్ను మీద రంపం అలంకారం. రంపం పళ్ళు ఒకటి కుడికి, ఒకటి ఎడమకు వంచి ఉండాలి, అప్పుడే గాడి బ్లేడు కంటే వెడల్పుగా పడి రంపం ఆడుతుంది. 5 మి.మీ. మందం వెన్నులో కోసిన పళ్ళు రెండు సెంటీమీటర్లు దిగేసరికి ఇరుక్కుంటాయి. పైగా కట్టె చీల్చేటప్పుడు వెన్ను మీద కర్రతో కొట్టాలి కదా, ఆ పళ్ళు కర్రను తురిమేస్తాయి.

ఇక ఉక్కు. 440లో ఏ, బీ, సీ అని మూడు రకాలు. ఏలో కార్బన్ 0.60 నుంచి 0.75 శాతం, సీలో 0.95 నుంచి 1.20 శాతం. ఊరికే '440' అంటే ఏమీ చెప్పనట్టే. సీ అయితే ఆ అక్షరం దాచుకోరు, పెద్దది చేసి మరీ రాసుకుంటారు.

3. రూలుకర్ర

కొలతల దగ్గర చట్టం కూడా ఉంది. ఆయుధాల చట్టం 1959, దాని కింద 2016 నిబంధనలు. 9 అంగుళాల కంటే పొడవో, 2 అంగుళాల కంటే వెడల్పో ఉన్న బ్లేడు కత్తులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్ర, పారిశ్రామిక పనులకు తయారైనవాటికి మినహాయింపు. అందుకే కొబ్బరి తోటలో మచ్చుకత్తిని ఎవరూ అడగరు. పన్నెండు అంగుళాల 'కమాండో' కత్తి బీచ్ రోడ్డు మీద బ్యాగులో దొరికితే ఏ వ్యవసాయమని చెప్తారు? 9 అంగుళాలు అంటే 22.8 సెం.మీ., 2 అంగుళాలు అంటే 5 సెం.మీ. రెండిటికీ కాస్త లోపలే ఉండండి.

ఇంకా మూడు సంగతులు. కంబాలకొండ అభయారణ్యంలోకి కత్తి తీసుకెళ్ళకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం అభయారణ్యంలోకి ఆయుధంతో వెళ్ళాలంటే ముందుగా రాతపూర్వక అనుమతి కావాలి. ఆ చట్టంలో 'ఆయుధం' అన్న మాటకిచ్చిన నిర్వచనంలో కత్తులు పేరు పెట్టి మరీ ఉన్నాయి, పొడవుతో సంబంధం లేదు. రెండోది, రిజర్వు ఫారెస్టులో పచ్చి చెట్టు మీద కత్తి వేస్తే ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం 1967 కింద కేసు. మూడోది, విమానంలో అయితే చెక్-ఇన్ లగేజీలోనే. మొన చుట్టూ అట్ట చుట్టి పెట్టండి.

4. కొండదారి

సరే, 12 అంగుళాల మోజు వదిలేశాను. 8 అంగుళాలు అనుకుందాం. బ్రాండ్లు చెప్పండి.

5. ఉప్పుగాలి

బ్రాండ్ల మాట వస్తే నిరాశే. బయటి దేశాల ఫోరాల్లో పొగిడే పెద్ద కత్తులన్నీ 2500కి చాలా దూరం. కాబార్ బెకర్ బీకే7 (7 అంగుళాలు), బీకే9, కాండర్ వాళ్ళ 1075 కార్బన్ ఉక్కు కత్తులు, ఫిన్లాండ్ టెరావా స్క్రామా, అన్నీ మంచివే. అయితే బీకే9 9.25 అంగుళాలు, స్క్రామా 240 మి.మీ. పైన రూలుకర్ర గారు చెప్పిన గీతను రెండూ దాటతాయి.

మీ బడ్జెట్‌కు అందే మంచి పేరు మోరా కంపానియన్. కానీ బ్లేడు 10 సెం.మీ. చిల్లర, మందం రెండు రెండున్నర మి.మీ. ఉల్లిపాయలకు, పుల్లలు చెక్కడానికి దానికి సాటి లేదు. బొండం కొట్టడానికి కాదు. దాని ఉక్కు పిడి చివరిదాకా వెళ్ళదు, నరుకుడు పెట్టకండి.

6. సానరాయి

బ్రాండు కన్నా ముందు కొలతలు పట్టుకోవాలి. అవి తెలిస్తే పూర్ణా మార్కెట్‌లో పేరు లేని కత్తి చూసినా తీసుకోవచ్చో లేదో చెప్పగలరు.

పొడవు 18 నుంచి 21 సెం.మీ. దీని కంటే తక్కువైతే దెబ్బకు బరువు రాదు. ఎక్కువైతే చిన్న పనులకు మొన అదుపులో ఉండదు.

వెన్ను మందం పిడి దగ్గర 4 నుంచి 5 మి.మీ., మొనకు పోయేకొద్దీ తగ్గి 2.5 నుంచి 3. మొదటి నుంచి చివరిదాకా ఒకే మందం ఉంటే చెయ్యి లాగుతుంది. 6 మి.మీ. దాటితే అది మేకు. కట్టెను చీలుస్తుంది గానీ కోయదు.

అసలు కీలకం వేరే ఉంది, ఎవరూ చూడరు: అంచుకు కాస్త పైన మందం ఎంత అని. పదును గీత మొదలయ్యే చోట వెర్నియర్ (మందం కొలిచే పరికరం) పెడితే 0.6 నుంచి 0.8 మి.మీ. రావాలి. చవక కత్తుల్లో 1.2, 1.5 కూడా ఉంటుంది. అలాంటిదాన్ని ఎంత సానపట్టినా గడ్డం గీసుకునేంత పదును వస్తుంది గానీ కట్టెలో దిగదు. కత్తి మొద్దుగా ఉందనుకుని మళ్ళీ మళ్ళీ సానపడతారు. మొద్దు అంచు కాదండీ, అంచు వెనక ఉన్న దూలం.

పిడిలోకి దిగే తోక, అదే ట్యాంగు, పూర్తి పొడవు ఉండాలి. రెండు చెక్కల మధ్య ఉక్కు కనపడితే గొడవ లేదు. ప్లాస్టిక్‌లోనో రబ్బరులోనో మూసేసి ఉంటే ఫ్రిజ్ మీద అంటించే చిన్న అయస్కాంతం తీసుకెళ్ళి పిడి వెంట జరపండి. పట్టు ఎక్కడ తప్పిందో ఉక్కు అక్కడితో సరి. అదే అయస్కాంతంతో 'స్టెయిన్‌లెస్సా కాదా' మాత్రం తేల్చలేరు. కత్తుల్లో వాడే స్టెయిన్‌లెస్ కూడా అంటుకుంటుంది.

బ్లేడు పిడిలోకి తిరిగే మూల చూడండి. అక్కడ లంబకోణంలో సూటి మూల ఉంటే విరిగేది అక్కడే. వేలిగోరు కూర్చునేంత గుండ్రం ఉండాలి.

చివరగా తూకం. చూపుడు వేలి మీద కత్తిని నిలబెడితే పిడి నుంచి 1.5 నుంచి 3 సెం.మీ. బ్లేడు వైపు నిలవాలి.

7. బొండాలబండి

ఇంత లెక్కలేటండీ బాబూ! మచ్చుకత్తి ఉంది కదా మనకి. బొండాల బండి మీద రోజుకి వందలకొద్దీ బొండాలు కొట్టే కత్తి కంటే పెద్ద పరీక్ష ఏటుంది? అది 440 కాదు, 1075 కాదు, పేరే లేదు దానికి. అంచు మాత్రం పలచగా ఉంటాది, రోజూ సాన పడతాది. అంతే.

బొండం కొట్టినప్పుడు పీచు మెత్తగా ఉన్న వైపు చూసుకుని, అక్కడ ఏటవాలుగా మూడు నాలుగు చెక్కలు తియ్యాలి, ఆ తర్వాత పెంకు మీద చిన్న దెబ్బ. నిటారుగా కొడితే కత్తి పీచులో ఇరుక్కుపోద్ది. బొండం చేత్తో పట్టుకుని కొట్టడం అలవాటు లేనోళ్ళు మొద్దు మీద పెట్టి కొట్టండి, వేళ్ళు మిగుల్తాయి.

8. ఉప్పుగాలి

> పేరే లేదు దానికి

అదే ఇబ్బంది కూడా. ఒకటి బంగారం, పక్కది తగరం. ఒకే గంపలో రెండూ ఉంటాయి. చూసి ఏరుకోవడం ఎలా?

9. సానరాయి

దుకాణంలో నిలబడి చేసే పరీక్షలు:

వెన్ను వెంట ఒక కన్ను మూసి చూడండి, తుపాకీ గురి చూసినట్టు. వంకర ఉంటే తెలుస్తుంది. పిడి పట్టి వేలాడదీసి బ్లేడును గోటితో మీటండి. బాగుంటే గంటలా మోగుతుంది, చీలిక ఉంటే డప్పులా పలుకుతుంది.

దుకాణదారు ఒప్పుకుంటే సన్నపళ్ళ కొత్త ఆకురాయితో పిడి దగ్గరి అంచు మీద మెల్లగా ఒక్క గీత. ఆకురాయి జారిపోతే గాజంత గట్టి, రాతి మీద పడితే పెచ్చు లేస్తుంది. వెన్నలో దిగినట్టు దిగితే పచ్చి ఇనుము. పట్టీ పట్టనట్టు గీరుకుంటూ పోవాలి, నరుకుడు కత్తికి అదే సరైన గట్టితనం. రాక్‌వెల్ లెక్కలో 55 నుంచి 58.

ఇంటికొచ్చాక సానపట్టి ఇత్తడి కడ్డీ పరీక్ష. 6 మి.మీ. ఇత్తడి కడ్డీని వైసులో అడ్డంగా బిగించి, సాన కోణంలో అంచును ఆనించి, తేలిగ్గా నొక్కుతూ లాగండి. దీపం వెలుగులో చూస్తే కడ్డీ దగ్గర అంచు సన్నగా ఉబ్బుతూ, కత్తి జరిగాక మళ్ళీ సర్దుకోవాలి. ఒంగి ఉండిపోతే మెత్తన, పొడిరాలితే పెళుసు.

10. పాయనం

కొండదారి గారూ, మీ డబ్బుకు సరిగ్గా సరిపోయేది కొలిమిలో చేయించుకోవడమే. గాజువాక ఆటోనగర్ చుట్టుపక్కల, ఏజెన్సీ సంతల్లో కమ్మరి పని ఇంకా ఉంది. 'ఒక కత్తి చెయ్యి బాబూ' అంటే మాత్రం మచ్చుకత్తే వస్తుంది. అట్ట మీద అసలు సైజులో బొమ్మ కత్తిరించి ఇవ్వండి, మందాలు దాని మీదే రాయండి.

ఉక్కు: కమాను పట్టీ. మన దగ్గర ఎక్కువగా ఈఎన్45, కార్బన్ 0.50 నుంచి 0.60 శాతం, సిలికాన్ ఎక్కువ, దెబ్బను తట్టుకుంటుంది. పెద్ద లారీ పట్టీలు 10 మి.మీ. పైన ఉంటాయి, కొట్టి పలచన చెయ్యడానికే పొద్దుపోతుంది. మినీ ట్రక్కు పట్టీ 6 నుంచి 8 మి.మీ., అది అడగండి. విరిగి పారేసిన పట్టీ వద్దు. ఏళ్ళ తరబడి ఒంగి లేచిన ఉక్కులో వెంట్రుకవాసి చీలికలు ఉంటాయి, పాయనం (ఎర్రగా కాల్చి ముంచి గట్టిపరచడం) పట్టాక బయటపడతాయి. కొత్త పట్టీ ముక్క దొరికితే ఆ తేడా డబ్బు పెట్టుకోండి.

కొట్టేటప్పుడు నారింజ రంగు చాలు. కొలిమి లోంచి తీస్తే చిటపటమని రవ్వలు రాలుతుంటే ఉక్కు మాడిపోయినట్టే, ఆ ముక్క పారెయ్యడమే.

రూపం వచ్చాక ఎర్రగా కాల్చి గాల్లో చల్లార్చడం మూడుసార్లు. చాలామంది దీన్ని ఎగరగొడతారు. చెయ్యకపోతే పాయనంలో కత్తి వంకరపోతుంది.

పాయనం: అయస్కాంతం అంటుకోవడం మానేదాకా కాల్చాలి, అది సుమారు 770 డిగ్రీలు. అక్కణ్ణుంచి ఇంకాస్త, రంగు ఒక మెట్టు పెరిగేదాకా. తర్వాత నూనెలో. నీళ్ళలో కాదు. కమ్మర్లు అలవాటుగా నీళ్ళలో ముంచుతారు, మామూలు కొడవలికి అది నడుస్తుంది. ఈఎన్45ని నీళ్ళలో ముంచితే 'టిక్' మని వినపడుతుంది, ఆ చప్పుడుతో కత్తి పోయింది. వేరుశెనగ నూనె రెండు లీటర్లు కత్తి అడ్డంగా పట్టే రేకు డబ్బాలో పోసి 50, 60 డిగ్రీలకు వెచ్చబెట్టండి. చల్లటి నూనె చిక్కగా ఉండి సరిగ్గా లాగదు. పాత ఇంజిన్ ఆయిల్ వద్దు, ఆ పొగ పీల్చకూడదు. అంచు వైపు రెండు సెంటీమీటర్లు మాత్రమే ముంచి పది సెకన్లు ఉంచి, తర్వాత మొత్తం ముంచాలి. అంచు గట్టి, వెన్ను జిగి. మూత దగ్గర పెట్టుకోండి, నూనె అంటుకుంటే మూసెయ్యడానికి.

అసలు చిక్కు దీని తర్వాత ఉంది. అప్పుడే పాయనం పట్టిన ఉక్కు గాజు లాంటిది. గంటలోపు మళ్ళీ వేడి చేసి పెళుసుతనం తియ్యాలి. ఇంట్లో ఓటీజీ (కరెంటు ఓవెన్) ఉంటే 230 డిగ్రీలు, రెండు గంటలు, చల్లార్చి మళ్ళీ రెండు గంటలు. ముందు ఒక చోట మసి గీకి తెల్లగా మెరిపించండి. అక్కడ గడ్డి రంగు దాటి గోధుమకు తిరిగితే సరి. నీలం వచ్చిందంటే ఎక్కువైంది. ఓటీజీ మీద అంకెలను నమ్మకండి, 20 డిగ్రీలు అటూ ఇటూ ఉంటాయి. లోపల పెట్టే థర్మామీటరు ఒకటి కొనుక్కోండి. ఇంకో మాట, పిడి ఉక్కుతో కలిపి కత్తి 33 సెం.మీ. అవుతుంది, చిన్న ఓటీజీలో పట్టదు. అట్టముక్కతో ముందే మూలగా పెట్టి చూసుకోండి.

11. ఉక్కునగరం సెక్టార్ 5

ఉక్కు ఫ్యాక్టరీ పక్కనే పెట్టుకుని కమాను పట్టీ కోసం తిరగడమేంటి? టీఎంటీ కడ్డీ 25 మి.మీ.ది సాగగొడితే కాదా? లేకపోతే పాత రైలు పట్టా ముక్క?

12. పాయనం

టీఎంటీ కాదు. ఐఎస్ 1786 ప్రకారం ఎఫ్ఈ500 కడ్డీలో కార్బన్ 0.30 శాతం మించకూడదు. ఒంగాలి, విరక్కూడదు, భవనానికి అదే కావాలి. అంత కార్బన్‌తో అంచు నిలవదు. కడ్డీ పై పొర గట్టిగా ఉండేది తయారీలో నీళ్ళతో చల్లార్చడం వల్ల. కొలిమిలో పెట్టగానే ఆ గట్టితనం పోతుంది.

పట్టా ఉక్కు మంచిదే. కానీ ఆ ముక్క మీ దగ్గర ఎలా ఉందని అడిగితే? రైల్వే ఆస్తిని అక్రమంగా కలిగి ఉండటం మీద 1966లోనే ప్రత్యేక చట్టం ఉంది. రైల్వే డివిజన్ కేంద్రం ఉన్న ఊళ్ళో కూర్చుని ఆ పని ఎందుకు.

13. గూర్ఖాబంగ్లా

కుక్రీ గురించి ఒక్కరూ మాట్లాడరేం? ముందుకు ఒంగిన బ్లేడు, బరువంతా దెబ్బ పడే చోట. 20 సెం.మీ. సూటి కత్తి రెండు దెబ్బలు వేసేచోట ఇది ఒకటి వేస్తుంది. పాయనం కూడా అంచుకే, కెటిల్‌తో నీళ్ళు అంచు మీద ధారగా పోసి పడతారు. వెన్ను మెత్తగా ఉంటుంది కాబట్టి విరగదు.

14. సానరాయి

నరకడానికి బాగుంటుంది, కాదనను. మూడు అభ్యంతరాలు. మామూలు కుక్రీ బ్లేడు 10, 11 అంగుళాలు, వెడల్పు కూడా 5 సెం.మీ. దగ్గరికి వస్తుంది. ఆయుధాల నిబంధనల్లో కుక్రీ పేరు పెట్టి ఉంది. రెండు, వెన్ను 8 నుంచి 10 మి.మీ., ఉల్లిపాయ కోయబోతే ఉల్లిపాయ రెండుగా పగులుతుంది. మూడు, చాలా పిడులు లక్కతో అతికించినవి, కారులో ఎండలో వదిలేస్తే లక్క మెత్తబడి పిడి కదులుతుంది.

కుక్రీ ఉన్నవాళ్ళకు ఒక్క జాగ్రత్త: ఒరలోంచి తీసేటప్పుడు ఒరను అంచు వైపు చుట్టి పట్టుకోవద్దు. వంపు వల్ల బ్లేడు లోపలి కుట్టును కోసుకుంటూ వస్తుంది, అది మీ వేళ్ళు కావచ్చు. వెన్ను వైపు నుంచి పట్టి, బొటనవేలు పక్కన ఉంచి లాగండి.

15. గూర్ఖాబంగ్లా

లక్క సంగతి ఒప్పుకుంటాను. ఉల్లిపాయకు కుక్రీ ఎవరు వాడతారండీ, మోరా ఉంది కదా.

16. ఉప్పుగాలి

అందుకే నా సలహా మొదటి నుంచీ ఇదే: ఒకే కత్తితో అన్ని పనులూ అనే పట్టు వదలండి. కొలిమి కత్తి ఒకటి, వంటింటి చిన్న చాకు ఒకటి, కొమ్మలు కోసే మడత రంపం ఒకటి. 7, 8 సెం.మీ. లావు సరుగుడు కట్టెను అడ్డంగా నరకాలంటే కత్తితో పది నిమిషాలు, చుట్టూ పెచ్చులు. 18 సెం.మీ. రంపంతో రెండు నిమిషాలు. రంపం అడ్డంగా కోస్తుంది, కత్తి నిలువుగా చీలుస్తుంది. పని పంచితే కత్తి చిన్నదైనా చాలు. మూడూ కలిపి 2500లో కుదురుతాయి.

17. కొండదారి

చీల్చడం అంటే గుర్తొచ్చింది, కర్రతో వెన్ను మీద కొట్టి చీలిస్తే కత్తి పాడవుతుందని కొందరంటారు, అదే పరీక్ష అని కొందరు.

18. సానరాయి

తప్పుగా చేస్తే పాడవుతుంది. కట్టె లావు బ్లేడు పొడవులో మూడింట రెండు వంతులు దాటకూడదు. 20 సెం.మీ. కత్తికి 12, 13 సెం.మీ. కట్టె. మొన అవతలికి కనీసం 4, 5 సెం.మీ. రావాలి, ఎందుకంటే కత్తి దిగిపోయాక కొట్టేది ఆ మొన వైపు వెన్ను మీదే. పిడిని కట్టెకు సమంగా ఉంచండి, చెయ్యి కిందికి వాలితే తోక మీద ఒత్తిడి పడుతుంది. ముణుకు (కొమ్మ పుట్టిన చోటి ముడి) ఉన్న కట్టె పక్కన పడెయ్యండి. సరుగుడు ముణుకు మీద పలచటి అంచు పెచ్చు లేస్తుంది. కొట్టేది మణికట్టు లావు కర్రతో, ఇనుప సుత్తితో కాదు.

వెదురు వేరే సంగతి. దాని తొక్కలో సిలికా ఉంటుంది, ఇసుకలో నరికినట్టే, పది గడలకు అంచు పోతుంది. కణుపు మీద కాకుండా దానికి కాస్త పైన, 45 డిగ్రీల వాలులో నరకండి. ఎండు వెదురు చీల్చాలంటే ఒక చివర కత్తి దించి, గడను నేలకేసి కొడితే అదే పాక్కుంటూ పోతుంది.

కత్తి ఊపే దారిలో మోకాలు ఉండకూడదు. నిలబడి నరికితే తప్పిన దెబ్బ ముంగాలికి వస్తుంది. మోకాళ్ళ మీద కూర్చుంటే నేలలోకి పోతుంది.

19. బొండాలబండి

పిడికి తాడు కట్టి మణికట్టుకి చుట్టుకుంటారు కొందరు. జారితే కత్తి తిరిగొచ్చి చేతినే నరుకుద్ది. తాడు బొటనవేలికి తగిలించి, చెయ్యి వెనక నుంచి తిప్పి పిడి పట్టుకోవాలి. చెయ్యి వదిలితే తాడు కూడా వదిలీయాలి.

20. ఆటోనగర్ గ్రైండరు

సాన గురించి. సైకిల్ సాన వాళ్ళకు గానీ, పొడి రాయి గ్రైండరుకు గానీ ఇవ్వకండి. పలచటి అంచు రెండు సెకన్లలో 300 డిగ్రీలు దాటి నీలం తిరుగుతుంది. అక్కడ పాయనం పోయింది, మళ్ళీ రాదు. ఆ నీలం పోయేదాకా ఉక్కు అరగదీయడమే దారి. గ్రైండరు తప్పదంటే ప్రతి లాగుడుకూ నీళ్ళలో ముంచాలి, చేతికి గ్లవ్ లేకుండా పట్టుకోవాలి. వేలికి చురుక్కుమంటే ఆపాలి.

చేత్తో అయితే రెండు ముఖాల కార్బొరండం రాయి చాలు. నరుకుడుకు ఒక్కో వైపు 25 డిగ్రీలు, మొన వైపు చివరి 6 సెం.మీ. 20 డిగ్రీలు, అక్కడితో కోతపని. కోణం కళ్ళతో పట్టలేకపోతే లెక్క ఇదిగో: 45 మి.మీ. వెడల్పు కత్తికి 25 డిగ్రీలంటే వెన్ను మధ్యగీత రాయి నుంచి 19 మి.మీ. ఎత్తులో ఉండాలి, 20 డిగ్రీలంటే 15 మి.మీ. ఆ మందం చెక్క ముక్క ఒకటి పక్కన పెట్టుకోండి. అంచుకు మార్కర్ పూసి రెండుసార్లు లాగితే ఎక్కడ అరుగుతోందో కనపడుతుంది. ఒక వైపు అరిగి రెండో వైపు వేలికి ఉక్కు పొక్కు తగిలేదాకా రెండో వైపు తిప్పొద్దు. సగం సానలు చెడేది ఇక్కడే.

రాయి లేకపోతే పాత మౌస్‌ప్యాడ్ మీద 400, 800, 1500 నంబరు గరుకు కాగితాలు. వెన్ను ముందుగా లాగాలి, అంచు ముందుగా తోస్తే కాగితం తెగుతుంది. అంచు కాస్త గుండ్రంగా వస్తుంది, నరుకుడుకు అదే మేలు.

21. ఉప్పుగాలి

తుప్పు. ఈ ఊళ్ళో కమాను ఉక్కు కత్తి తుడవకుండా వదిలితే తెల్లారేసరికి ఎర్రమచ్చ. బొండం నీళ్ళు, పచ్చి మామిడి, ఉల్లి తగిలాక వెంటనే కడిగి తుడవాలి. సముద్రం దగ్గర వాడితే మంచినీళ్ళతో కడగాలి. వంటనూనె రాయొద్దు, వేరుశెనగ నూనె కొన్నాళ్ళకు జిగురవుతుంది. మందుల షాపులో లిక్విడ్ పారాఫిన్ రెండు చుక్కలు, తిండికి ఇబ్బంది లేదు.

ముందుగా నల్లరంగు ఎక్కించుకుంటే ఇంకా నయం: కత్తిని సబ్బుతో జిడ్డు లేకుండా కడిగి, వేడి వెనిగర్‌లో 20, 30 నిమిషాలు నిలబెట్టి, కడిగి, తుడిచి, నూనె. బూడిద నలుపు పొర వస్తుంది. తుప్పును ఆపదు, నెమ్మదిస్తుంది.

తోలు ఒరలో నిల్వ ఉంచొద్దు. తోలు తేమ పీలుస్తుంది, క్రోమ్ తోలైతే లోపలి లవణాలు కూడా కత్తిని తింటాయి. ప్రయాణంలో ఒర, ఇంట్లో పొడి గుడ్డ.

22. కొండదారి

అట్ట బొమ్మ తయారు. బ్లేడు 20 సెం.మీ., కడుపు దగ్గర వెడల్పు 4.5, వెన్ను 5 నుంచి 3 మి.మీ., పూర్తి తోక, పిడి 12.5 సెం.మీ., తుమ్మ చెక్క, 6 మి.మీ. ఇత్తడి పిన్నులు రెండు, నెమ్మదిగా ఆరే ఎపాక్సీ. పిడి గుండ్రం. ఒరకు 63 మి.మీ. పీవీసీ గొట్టం కాచి అణచుదామని.

23. పాయనం

పిడి గుండ్రం వద్దు, కోడిగుడ్డు కోత. చీకట్లో పట్టుకున్నా అంచు ఎటుందో అరచేతికి తెలియాలి. చివర కిందికి కొక్కెంలా చిన్న వంపు, చెమటచేత్తో జారదు. పిన్నులు మూడు. ఆ రంధ్రాలు పాయనానికి ముందే వెయ్యాలి, తర్వాత డ్రిల్లు బిట్టు దిగదు. బరువు 350 నుంచి 420 గ్రాముల మధ్య తేలాలి.

24. ఆటోనగర్ గ్రైండరు

63 గొట్టం అణిస్తే సుమారు 10 సెం.మీ. వెడల్పు అవుతుంది, కత్తి లోపల గిలకలా ఆడుతుంది. 40 మి.మీ.ది తీసుకోండి, అణిస్తే 6 సెం.మీ. పైచిలుకు, మీ 4.5 బ్లేడుకు రెండు పక్కలా చోటు మిగులుతుంది. మరిగే నీళ్ళలో మెత్తబరచండి, మంట మీద మాత్రం కాల్చొద్దు, ఆ వాసన విషం. బ్లేడు మందానికి రెండు పొరలు అట్ట చుట్టి లోపల పెట్టి, రెండు చెక్కల మధ్య వైసులో చల్లారేదాకా బిగించండి. అడుగున 5 మి.మీ. కన్నం, నీళ్ళు దిగిపోవడానికి.

25. కొండదారి

40 రాసుకున్నాను, పిన్నులు మూడు చేశాను. ఓటీజీలో అట్ట మూలగా పట్టింది, అర సెంటీమీటరు మిగిలింది.

26. పాయనం

అర సెంటీమీటరుతో మొన గోడకు మరీ దగ్గర. మొన పలచన, అక్కడే ముందు నీలమవుతుంది. పిడి వైపు గోడకు ఆనించి, మొన వైపు ఖాళీ ఉంచండి.